ఈ వారం అర పేజీ

ఒయార్సో మేడమ్, అర పేజీ చాలన్నారు.
ఈ వారం ఏం నేర్చుకున్నావు, ఏం అర్థం కాలేదు, అంతే.
కవిత్వాలొద్దు అని కూడా అన్నారు,
పోయినసారి నేను వానతో మొదలుపెట్టినందుకు.
కానీ మేడమ్, ఈ వాల్దివియాలో
తడవకుండా ఏ వాక్యం మొదలవుతుంది?

సోమవారం ఇంటరప్టుల గురించి చెప్పారు.
ప్రాసెసర్ క్షణక్షణం వెళ్లి
"అక్షరం వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని
కీబోర్డు గుమ్మం దగ్గర పడిగాపులు పడటం ఒక పద్ధతి.
తన పని తాను చేసుకుంటూ
పిలిస్తే పలకడం ఇంకో పద్ధతి.
రాసుకున్నాను, కింద రెండు గీతలు గీశాను.
అర్థమైందా అని మీరడిగితే తలూపాను.
కాలేదు.

శనివారం అర్థమైంది, నది ఒడ్డు చేపల బజారులో.
ఎదెల్మిరా పిన్ని కొట్లో మెర్లూసాలు శుభ్రం చేస్తాను,
బస్సుకీ ఫోటోకాపీలకీ సరిపోతుంది.
మా వెనక మెట్ల మీద ఒక ముసలి సముద్ర సింహం,
మూడు వందల కిలోల బద్ధకం,
కళ్లు మూసుకుని, మీసాల మీంచి వాన కారుతూ.
పర్యాటకులు కేకలేస్తారు, కదలదు.
రేడియో, పడవ మోటారు, కుక్కల కొట్లాట, కదలదు.
చెక్క మీద కత్తి ఒక్కసారి టక్‌మందా,
చేప తల కింద పడేలోపే
నోరు తెరిచి ఉంటుంది.
"దానికి నిద్ర కూడా డ్యూటీయే" అంది పిన్ని.
అదీ, మేడమ్.

నేను మాత్రం వారమంతా మొదటి పద్ధతిలోనే బతికాను.
ఫోను తీయడం, చూడటం, పెట్టడం, తీయడం.

ఎలిసేవో పది రోజులుగా ల్యాబుకి రావడం లేదు.
వాళ్ల నాన్న చెయ్యి రంపం కింద పడిందట,
కట్టెల లారీ ఇప్పుడు ఇతనే తోలుతున్నాడట.
ఎవరో చెప్పారు, అతను కాదు.

మా ప్రాజెక్టు మీకు తెలుసు:
కొర్రాల్‌కి వెళ్లే బల్లకట్టు, దాని కోసం ఆగిన బళ్లు.
మా ప్రోగ్రాములో రోజూ చివరి లారీ ఒడ్డునే ఉండిపోయేది.
చోటుండేది, టికెట్టుండేది, అయినా ఎక్కదు.
మూడు వారాలు ఎలిసేవోనే తిట్టాను,
నీ వరసలు నువ్వే సరిగా చూసుకో అని.

గురువారం గాలికి కరెంటు పోయింది.
ప్రింటు తీసిన కాగితాలు పొయ్యి దగ్గర పరుచుకుని
కొవ్వొత్తి వెలుగులో ఒక్కో బండినీ
పెన్సిల్‌తో బల్లకట్టు ఎక్కించాను.
ఒకటి, రెండు, పదకొండు.
పన్నెండో దాని దగ్గర దొరికింది:
"తక్కువ లేదా సమానం" అని ఉండాల్సిన చోట
ఉత్త "తక్కువ".
పక్కన ఎవరి పొట్టి అక్షరాలా అని చూశాను.
నావే.

కరెంటొచ్చాక దిద్దాను. లారీ ఎక్కింది.
తెర మీద ఓ చిన్న చుక్క అటు ఒడ్డుకి చేరడానికి
నాకెందుకో ఏడుపొచ్చింది.
అతనికి రెండు మెసేజీలు పెట్టాను.
ఒకటి, లారీ ఎక్కింది అని.
రెండోది మీకు చెప్పను.

ఏం అర్థం కాలేదు అన్న దానికి జవాబు:
తప్పు దొరికిన రోజు ఎందుకింత ఆలస్యంగా వస్తుందో.
పిలుపు రాకపోతే, ఎంతసేపటికి
అది రాదని ఒప్పుకోవాలో. ఇది పాఠంలో లేదు.

ప్రాజెక్టు మీద అతని పేరు తీసేయనా అని అడిగారు.
వద్దు మేడమ్.
లారీలకు పేర్లు పెట్టింది అతనే.

అర పేజీ దాటిపోయింది.
ఫోను బ్యాగు అడుక్కి నెట్టేశాను.
రేపు ల్యాబు తలుపు దగ్గర
ఎవరెవరో తడి బూట్లు దులుపుకుంటారు.
నేను తలెత్తను.
అతను ఎడమ కాలు రెండుసార్లు కొడతాడు.